వేడి పెరిగితే గాలి బలపడుతుందా? డెల్టాలో వినిపించే అపోహలు - వాస్తవాలు

గోదావరి డెల్టా రైతులకు వాతావరణ సలహాలు చెప్పడం నా పని. సార్వా కోతలప్పుడు ఫోన్ మోగుతూనే ఉంటుంది. "చేను పనల మీద ఉందండీ, కుప్ప వేసేయమంటారా, రెండ్రోజులు ఆగమంటారా?" అడిగేది రేపటి వాన గురించే అయినా మాట భూతాపం మీదికి వెళ్తుంది. అక్కడ తరచూ వినిపించే అపోహలివి.

అపోహ: భూమి వేడెక్కితే రుతుపవన గాలులు బలపడతాయి.

వాస్తవం: వాన పెరగడం, గాలి బలపడటం ఒకటి కాదు. ఒక డిగ్రీ వేడెక్కితే గాలి సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకోగలదు. కానీ ప్రపంచం మొత్తం మీద వాన పెరిగేది డిగ్రీకి 2, 3 శాతమే. ఆవిరి వానగా మారేటప్పుడు వేడి విడుదలవుతుంది. ఆ వేడిని వాతావరణం ఎంత వదిలించుకోగలిగితే వాన అంతవరకే పెరుగుతుంది. బిందె బాగా పెద్దదైంది, మోయాల్సిన నీళ్లు కొంచెమే పెరిగాయి అనుకోండి, తిరగాల్సిన ట్రిప్పులు తగ్గుతాయి కదా. ఉష్ణమండలంలో గాలి పైకి లేచి, పక్కకు పోయి, కిందికి దిగే ప్రసరణ మొత్తంగా ఇలాగే మందగించాలని 2006లో హెల్డ్, సోడెన్ అనే శాస్త్రవేత్తలు వివరించారు.

గాలి మందగించినా అది తెచ్చే తేమ ఎక్కువ కాబట్టి పడినప్పుడు కుండపోతే. మధ్య భారతంలో విస్తారంగా కురిసే అతి భారీ వానలు 1950-2015 మధ్య దాదాపు మూడు రెట్లయ్యాయి. మన దగ్గర అలాంటి వాన ఊడ్పులు కాగానే పడితే, గుర్రపుడెక్క పేరుకున్న డ్రెయిన్లు నీళ్లు లాగలేవు. వారం రోజులు మునిగిన చేలో నాటు కుళ్లిపోతుంది. డ్రెయిన్ల పూడిక జూన్‌లోపే తీయించాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

ఒక్క మాట దాచకుండా చెప్పాలి. పసిఫిక్ మీద తూర్పు పడమరలుగా గాలి తిరిగే వలయం ఒకటుంది, దాన్ని వాకర్ ప్రసరణ అంటారు. అది బలహీనపడుతుందని చాలా కంప్యూటర్ మోడళ్లు చెప్పాయి. కొలతల్లో మాత్రం 1980ల నుంచి కొన్ని దశాబ్దాల పాటు అది బలపడింది. దీని మీద చర్చ ఇంకా నడుస్తోంది.

అపోహ: మన దగ్గర చినుకు లేదు, గోదారికి వరద రాదు.

వాస్తవం: బంగాళాఖాతంలో పుట్టిన అల్పపీడనం సాధారణంగా వాయవ్యంగా కదిలి ఒడిశా, ఛత్తీస్‌గఢ్, మహారాష్ట్రల మీద కురుస్తుంది. ఆ నీరే ఇంద్రావతి, ప్రాణహిత, శబరి మీదుగా మన లంకల్లోకి దిగుతుంది. పెద్ద వరదలు ఎక్కువగా ఆగస్టులో వస్తాయి, 1986లో అలాగే వచ్చింది. 2022లో జూలై 16కే భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది. ఆకాశం కన్నా ముందు ఎగువ వాన లెక్క చూడండి.

అపోహ: తుపాన్లు ఏటేటా పెరిగిపోతున్నాయి.

వాస్తవం: బంగాళాఖాతంలో తుపాన్ల సంఖ్య పెరగలేదు. ప్రమాదమల్లా పుట్టినవి వేగంగా తీవ్రం కావడంలో ఉంది, వేడెక్కిన సముద్రం అందుకు తోడ్పడుతుంది. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమలో కొబ్బరి తోటలు నేలకూలడం చూసినవాళ్లకు తీవ్రత అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. వాయుగుండం అన్నప్పుడు నిన్నటి బులెటిన్ పట్టుకుని కూర్చోకండి.

అపోహ: ఎల్‌నినో వచ్చిందంటే కరవే.

వాస్తవం: ఎల్‌నినో అంటే పసిఫిక్ సముద్రం మధ్య, తూర్పు భాగాలు మామూలు కన్నా వేడెక్కడం. అది ఉన్న 2002లో కరవొచ్చింది. అంతకన్నా బలమైన 1997 ఎల్‌నినోలో దేశానికి సాధారణ వర్షమే పడింది. ఆ ఏడు హిందూ మహాసముద్రం పడమటి వైపు వేడెక్కడం మనకు కలిసొచ్చింది.

అపోహ: వాన తగ్గినా భూతాపమే కారణం.

వాస్తవం: 1951-2015 మధ్య దేశంలో నైరుతి వర్షం 6 శాతం దాకా తగ్గింది. అందులో పెద్ద వాటా పొగది, గాలిలోని సూక్ష్మ ధూళిది. అవి ఎండను అడ్డుకుని నేలను చల్లబరుస్తాయి. నేలకీ సముద్రానికీ వేడిలో తేడా తగ్గితే రుతుపవనం నీరసిస్తుంది. ధూళి కొద్ది వారాల్లోనే గాలిలోంచి దిగిపోతుంది, కార్బన్ డయాక్సైడ్ మాత్రం వందల ఏళ్లుంటుంది. పొగ తగ్గేకొద్దీ మన వానల మీద వేడిమి ప్రభావమే పైచేయి అవుతుంది.