లేవని బంతి

చిన్నీ, బుజ్జీ,

మీ ఉత్తరం అందింది. "తాతయ్యా, చదువుకోవడానికి వెళ్లినవాళ్లు జీతాల కోసం ధర్నాకి ఎందుకు కూర్చుంటారు? అది వాళ్ల జీతం కూడా కాదు కదా!" అని అడిగింది చిన్ని. హార్వర్డ్ విద్యార్థుల ధర్నా ఫొటో చూసి వచ్చిన అనుమానం కాబట్టి ఆ హార్వర్డ్ సంగతే చెప్తాను.

పెళ్లిలో బంతి భోజనాలు చూశారుగా. వడ్డించేవాళ్లు పొద్దుటినుంచీ నిలబడే ఉంటారు. అందరూ తిని లేచాక వాళ్లకి గుండిగ అడుగున మాడు మిగులుతుంది. అది చూసిన ఒక కుర్రాడు "వాళ్లకీ ఆకులు వేసేదాకా నేను లేవను" అని మొండికేశాడనుకోండి. ఎవర్నీ తిట్టడు, విస్తరి విసిరేయడు. కూర్చుంటాడంతే. అతను లేస్తేగానీ తర్వాతి బంతి వేయలేరు. పెళ్లివారు వచ్చి మాట్లాడక తప్పదు.

హార్వర్డ్ యూనివర్సిటీ అమెరికాలో కేంబ్రిడ్జ్ అనే ఊళ్లో ఉంది. అక్కడి గుండిగ మామూలుది కాదు, 2001 నాటికే 1,800 కోట్ల డాలర్లకు పైబడిన నిధి. అయినా గదులు ఊడ్చేవాళ్లు, గిన్నెలు తోమేవాళ్లు, కాపలావాళ్లలో వందల మందికి గంటకు 10 డాలర్లు కూడా దక్కేవి కావు. ఆ ఊరి సిటీ కౌన్సిల్ మాత్రం తన పనివాళ్లకు బతకడానికి సరిపడా జీతం ఇవ్వాలని 1999లోనే తీర్మానించుకుంది. 2001 నాటికి అది గంటకు 10.25 డాలర్లు. ఊరు ఇస్తున్నదే మీరూ ఇవ్వండని విద్యార్థులు రెండేళ్లు అడిగారు. పెళ్లివారు వినలేదు.

2001 ఏప్రిల్ 18న సుమారు 50 మంది మసాచుసెట్స్ హాల్లోకి వెళ్లి కూర్చున్నారు. అది 1720లో కట్టిన ఎర్ర ఇటుకల భవనం. యూనివర్సిటీ ప్రెసిడెంటు ఆఫీసు అందులోనే. బయట పచ్చిక మీద వాళ్ల స్నేహితులు డేరాలు వేసుకున్నారు. అలా 21 రోజులు! వంటశాల పనివాళ్లు లోపలి పిల్లలకు తిండి తెచ్చి అందించారు. చూశారా, లేవనని కూర్చున్నవాడికి వడ్డించేవాళ్లే వచ్చి వడ్డించారు. ఈ ముక్క తలుచుకుంటే నాకిప్పటికీ గొంతు పట్టేస్తుంది.

నా చిన్నప్పుడు మా హాస్టల్లో గిన్నెలు తోమే ఒకామె ఉండేది. బూడిద, కొబ్బరిపీచు పట్టి ఆమె వేళ్ల కొసలు ఎప్పుడూ పగిలి ఉండేవి. ఒకసారి వారం రోజులు రాలేదు. పళ్లేలు జిడ్డుగా ఉన్నాయని అందరం విసుక్కున్నాం. మూడు నెలల జీతం ఆపేశారని తర్వాత తెలిసింది. ఆమె పేరు మాలో ఒక్కడికీ తెలియదు. మంచి మార్కులు తెచ్చుకునే పిల్లలమే అందరం. పక్కనున్న మనిషిని చూడని చదువు ఏం చదువురా!

హార్వర్డ్ పిల్లలు మే 8న లేచారు. ప్రొఫెసర్లు, పనివాళ్లు, విద్యార్థులు కలిసి కూర్చునే కమిటీ వేస్తామని యూనివర్సిటీ ఒప్పుకుంది. 2002లో ఊడ్చేవాళ్ల కనీస జీతం గంటకు 11.35 డాలర్లయింది. 2016కి వచ్చేసరికి నా పెళ్లి పోలిక తిరగబడింది. ఈసారి వంటశాల పనివాళ్లే గరిటెలు కింద పెట్టి 22 రోజులు సమ్మె చేశారు. విద్యార్థులు క్లాసుల్లోంచి లేచి వెళ్లి వాళ్ల పక్కన నిలబడ్డారు. ఒకప్పుడు కూర్చోవడం, ఇప్పుడు లేవడం!

సోమవారం బడికి పావుగంట ముందు వెళ్లండి. మీ క్లాసు ఊడ్చేదెవరో చూడండి. బెంచీ జరుపుతుంటే రెండో చివర పట్టుకోండి. పేరు అడిగి, వచ్చే ఉత్తరంలో నాకు రాయండి.

మీ తాతయ్య