కడలి ఒడ్డు రాతి ఇల్లు, ఒకప్పటి చాపెల్: అపోహలు - వాస్తవాలు

ఇంగ్లండ్ నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్‌లో పాత రాతి కట్టడాలు బాగుచేయడం నా పని. ఒకప్పుడు మెథడిస్టులు అనే ప్రొటెస్టెంట్ క్రైస్తవ శాఖవాళ్లు ప్రార్థనలు జరుపుకున్న చిన్న రాతి ఇళ్లు, అంటే చాపెళ్లు, సముద్రం ఒడ్డున ఇప్పటికీ ఉన్నాయి. వాటిని కొన్నవాళ్ల నోట తరచూ వినే మాటలు కొన్ని రాస్తున్నాను.

అపోహ: చాపెల్ అయితే చర్చిలా కనబడాలి.

మొదట్లో చాపెల్ అంటే ఎవరో ఒకరి ఇల్లే. మెథడిస్టు శాఖకు మూలపురుషుడైన బోధకుడు జాన్ వెస్లీ 1743లో తొలిసారి కార్న్‌వాల్ వచ్చాడు. ఇక్కడ ఆయన మాట వినడానికి చేరింది ఎక్కువగా జాలర్లు, గని కూలీలు. గోపురాలు కట్టే స్తోమత వాళ్లకెక్కడిది? ట్రెవింట్‌లో డిగరీ ఇస్బెల్ అనే రాతిపని మేస్త్రీ బోధకులు బస చేయడానికి తన ఇంటికి కొత్త గదులు కట్టి చేర్చాడు. అది తీరం ఊరు కాదు, బాడ్మిన్ మూర్ అనే బీడు మెట్టమీది పల్లె. ఆ ఇల్లు ఇంకా నిలిచే ఉంది. మేస్త్రీ తన చేత్తో కట్టింది కాబట్టి నాకు దాని మీద మరీ ప్రేమ. మెదక్ చర్చి చూసినవాళ్లకు ఇది వింతగా ఉంటుంది. 1924లో పూర్తయిన ఆ చర్చిని కట్టించిన పాస్నెట్ కూడా ఈ వెస్లియన్ మెథడిస్టు బోధకుడే.

అపోహ: గోడకు చెమ్మ వస్తే సిమెంటు పూత వేస్తే సరి.

ఈ ఇళ్లకు జరిగిన అతి పెద్ద నష్టం ఇదే. గోడ రెండడుగుల మందం ఉంటుంది. రెండు వైపులా రాయి, మధ్యలో మట్టి, రాతి ముక్కలు. గాలివాన కొట్టినప్పుడు కొంత నీరు లోపలికి వెళ్తుంది, ఎండ రాగానే సున్నపు సందుల్లోంచి ఆవిరై పోతుంది. సిమెంటు గట్టిది, గోడతో పాటు కదలదు. సన్నటి పగుళ్లిస్తుంది. వాటిలోంచి దిగిన నీరు మళ్లీ బయటికి రాలేదు. లోపలి మట్టి నానుతుంది, దూలాల కొసలు పుచ్చిపోతాయి. మన పాత మేస్త్రీలు గానుగలో తిప్పిన డంగు సున్నం వాడినట్టే ఇక్కడా సున్నమే వాడాలి. సున్నం ఆరడం వల్ల గట్టిపడదు, గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మెల్లగా గట్టిపడుతుంది. అందుకే త్వరగా ఆరిపోకుండా తడి గోనెపట్టాలు కప్పి ఉంచుతాం. మంచు పడే రోజుల్లో ఆ పని ముట్టుకోం.

అపోహ: గోడలో చెమ్మ కొలిచే మీటర్ తడి చూపించింది కాబట్టి నేలలోంచి నీరు ఎక్కుతోంది.

సముద్రపు ఉప్పు ఆ మీటర్‌ను మోసం చేస్తుంది. వానాకాలంలో జాడీలో ఉప్పు నీరు కారడం మనందరం చూసిందే. గాలిలో తేమ 75 శాతం దాటితే గోడలోని ఉప్పుదీ అదే పని. టెన్షన్ పడి, చెమ్మ ఆపడానికి గోడలోకి రసాయనం ఎక్కించే కంపెనీని పిలిచే ముందు చూరు కింద కాలువ పూడిందా, బయట మట్టి గోడ మీదికి పెరిగిందా చూడండి.

అపోహ: లోపల మన ఇష్టం.

లిస్టెడ్ కట్టడమైతే, అంటే ప్రభుత్వం చట్టపరంగా రక్షించే పాత కట్టడాల జాబితాలో ఉన్నదైతే, లోపలి భాగానికీ రక్షణ ఉంటుంది. దాని స్వభావం మారే పని అనుమతి లేకుండా చేస్తే నేరం. ప్రార్థనలు జరిగినన్నాళ్లూ మెథడిస్టు చర్చికి ఈ అనుమతి విషయంలో మినహాయింపు ఉంటుంది. ఇల్లుగా మారాక అది మీకు రాదు. గోడలో పాత గ్యాలరీ (జనం కూర్చునే పై అంతస్తు) దూలాల గూళ్లు కనిపిస్తే పూడ్చకండి. ఫొటో తీసి, కొలతలు రాసుకుని, స్థానిక కౌన్సిల్‌లోని కన్సర్వేషన్ ఆఫీసర్‌కు (పాత కట్టడాల సంరక్షణ చూసే అధికారికి) చూపించండి.