ఒత్తిగిల్లలేని రోగికి కదలికల లెక్క

ఆరోగ్యంగా ఉన్న మనిషి రాత్రి పడుకున్నప్పటి నుంచి ఉదయం లేచేదాకా ఎన్నిసార్లు ఒత్తిగిల్లాడో అతనికే తెలియదు. ఒక పక్కన ఎక్కువసేపు ఒత్తిడి పడితే అక్కడి నరాలు ఆ ఇబ్బందిని మెదడుకు చేరవేస్తాయి, నిద్ర పూర్తిగా చెదరకుండానే తుంటి కొద్దిగా జరుగుతుంది, మోకాలు ముడుచుకుంటుంది, భుజం పక్కకు తిరుగుతుంది. పక్షవాతం వచ్చినవారిలో, వెన్నుపాము దెబ్బతిన్నవారిలో, మత్తుమందుల ప్రభావంతో ఐసీయూలో ఉన్నవారిలో ఈ ఏర్పాటు ఎక్కడో ఒక చోట తెగిపోతుంది. కొందరికి ఇబ్బంది తెలియదు, కొందరికి తెలిసినా కదిలే శక్తి ఉండదు, మరికొందరికి ఆ రెండూ ఉండవు. ఇళ్ళల్లో బెడ్ సోర్లు అనీ, పడకపుండ్లు అనీ పిలిచే గాయాలకు మూలం ఇక్కడే ఉంది.

నిద్రలోని ఆ చిన్న కదలికలకు ఎంత విలువ ఉందో మొదటగా లెక్కగట్టి చూపినవారిలో ఎక్స్‌టన్-స్మిత్, షెర్విన్ అనే బ్రిటిష్ వైద్యులు ముఖ్యులు. 1961లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వెలువడిన వారి పరిశీలనలో 50 మంది వృద్ధ రోగులు రాత్రి వేళ తమంతట తాము ఎన్నిసార్లు కదులుతున్నారో పరికరంతో నమోదు చేశారు. రాత్రికి 50 కంటే ఎక్కువసార్లు కదిలినవారిలో ఒక్కరికీ పుండు పడలేదు. 20 సార్లు లేదా అంతకంటే తక్కువగా కదిలిన పది మందిలో తొమ్మిది మందికి పడింది. పరిశీలించినవారి సంఖ్య చిన్నదే అయినా తేడా మాత్రం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మరుసటి ఏడాది అదే ఎక్స్‌టన్-స్మిత్, డోరీన్ నార్టన్ అనే నర్సు, రోడా మెక్‌లారెన్ కలిసి వెలువరించిన అధ్యయనం నుంచే నార్టన్ స్కేలు వచ్చింది. శరీర స్థితి, మానసిక స్థితి, నడక, కదలిక, మలమూత్రాలపై అదుపు అనే ఐదు అంశాలకు ఒక్కొక్క దానికి 1 నుంచి 4 దాకా మార్కులు వేసి, మొత్తం 14 లేదా అంతకు తగ్గితే ఆ రోగికి ప్రమాదం ఉందని లెక్కించే పద్ధతి అది. ఐదింటిలో రెండు అంశాలు నేరుగా కదలికకు సంబంధించినవే కావడం గమనించదగ్గది.

ఒత్తిడి పుండుగా మారే తీరు అనుకున్నంత సరళమైనది కాదు. అమెరికా శాస్త్రవేత్త యూజీన్ లాండిస్ 1930లో మనిషి వేలి గోటి దగ్గర ఉండే కేశనాళికల్లోకి, అంటే అతి సన్నని రక్తనాళాల్లోకి, అతి సన్నని గాజు గొట్టాన్ని గుచ్చి, ధమని వైపు కొసలో రక్తపీడనం సుమారు 32 మిల్లీమీటర్ల పాదరసం ఉంటుందని కొలిచాడు. బయటి నుంచి పడే ఒత్తిడి అంతకు మించితే రక్తం ఆగిపోతుందనే సూత్రం అక్కడి నుంచే పుట్టి, పరుపులు అమ్మేవారి ప్రకటనల దాకా పాకింది. ఆరోగ్యవంతుడి వేలి కొసన కొలిచిన అంకెను మంచం పట్టిన వృద్ధుడి నడుముకు అతికించడం నా దృష్టిలో తొందరపాటే. రక్తపోటు పడిపోయిన రోగిలో అంతకంటే తక్కువ ఒత్తిడికే నాళాలు మూసుకుపోవచ్చు, కండ పట్టిన యువకుడు చాలా ఎక్కువ ఒత్తిడిని ఓర్చుకోవచ్చు.

ఒత్తిడి ఎంత అన్న ప్రశ్నను ఎంతసేపు అన్న ప్రశ్నతో ముడివేసినవాడు మైఖేల్ కోసియాక్. 1959లో కుక్కల మీద చేసిన ప్రయోగాల్లో, తీవ్రమైన ఒత్తిడి కొద్దిసేపు పడినా, స్వల్పమైన ఒత్తిడి ఎక్కువసేపు పడినా గాయం ఏర్పడుతుందని అతడు చూపాడు. తర్వాత ఎలుకల మీద అతడే చేసిన ప్రయోగాల్లో 70 మిల్లీమీటర్ల పాదరసం ఒత్తిడి రెండు గంటలు ఏకధాటిగా పడితే కండరం కోలుకోలేనంతగా దెబ్బతింది. అయిదేసి నిమిషాలకు ఒకసారి ఒత్తిడిని సడలిస్తూ పోతే మాత్రం నష్టం బాగా తగ్గింది. నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ పరిశోధకులు ఇటీవలి దశాబ్దాల్లో దీనికి మరో సంగతి జోడించారు. ఎముకకూ పరుపుకూ మధ్య నలిగే కణాలు కేవలం రక్తం అందక చావవు. ఆకారం మరీ వికృతమైతే, రక్తం అందక చచ్చేదానికంటే చాలా ముందే వాటి నిర్మాణం చెదిరిపోతుంది. ఈ నలుగుడు ఎముకను అంటిపెట్టుకున్న చోట అత్యధికంగా ఉంటుంది కాబట్టి చాలా పుండ్లు లోపలి కండలో మొదలై, రోజుల తర్వాత చర్మం మీద నల్లగానో ఊదాగానో బయటపడతాయి. నిన్నటి దాకా ఏమీ లేదు, పొద్దున చూసేసరికి ఇంత అయింది అని ఇంటివాళ్ళు వాపోవడానికి కారణం ఇదే. దిండ్లు పెట్టి రోగిని కూర్చోబెట్టినప్పుడు జరిగే నష్టం వేరు: ఎముకలు కిందికి జారుతుంటే చర్మం దుప్పటికి అంటుకుని అక్కడే నిలిచిపోతుంది, ఆ రెంటి మధ్య రక్తనాళాలు సాగి మెలిపడతాయి. తలవైపు మంచాన్ని, వైద్య కారణం ఉంటే తప్ప, 30 డిగ్రీలకు మించి ఎత్తవద్దని చెప్పేది ఇందుకే.

రెండు గంటలకు ఒకసారి పక్క మార్చాలనే నియమానికి చరిత్ర ఉంది. నాజీ జర్మనీ నుంచి 1939లో తప్పించుకుని బ్రిటన్ చేరిన యూదు వైద్యుడు లుడ్‌విగ్ గట్‌మన్, 1944 ఫిబ్రవరిలో స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో వెన్నుపాము గాయాల విభాగాన్ని ప్రారంభించాడు. అప్పటి వరకూ అలాంటి సైనికుల్లో చాలామంది పుండ్ల నుంచి, మూత్రకోశం నుంచి పాకిన ఇన్‌ఫెక్షన్లతో మరణించేవారు. రాత్రీ పగలూ రెండు గంటలకొకసారి రోగులను తిప్పించే కట్టుబాటును ఆయన కఠినంగా అమలు చేయించాడు. (1948లో అదే ఆసుపత్రి ఆవరణలో ఆయన మొదలుపెట్టిన క్రీడలే తర్వాత పారాలింపిక్స్ అయ్యాయి. ముందు ఆ మనుషులు బతికి ఉండాలి కదా.) అయితే రెండు గంటలు అన్నది ప్రకృతి నియమం కాదు. అమెరికా, కెనడాలలోని 27 వృద్ధాశ్రమాల్లో 942 మంది మీద జరిగి 2013లో వెలువడిన టర్న్ అనే అధ్యయనంలో, సాంద్రమైన ఫోమ్ పరుపుల మీద పడుకున్నవారిని రెండు, మూడు, నాలుగు గంటలకు ఒకసారి తిప్పినా పుండ్లు పడే రేటులో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఆ ఫలితం అలాంటి పరుపుకూ, అలాంటి రోగులకూ వర్తించేది. నూలు పరుపు మీదో నవారు మంచం మీదో ఉన్న మనిషికి దాన్ని వర్తింపజేయకూడదు.

నియమం గోడ మీద ఉండటం, రోగి నిజంగా తిరగడం వేరువేరు సంగతులు. ఛార్టులో ఎడమ పక్క, కుడి పక్క అని గడులు నింపి ఉంటాయి. పని ఒత్తిడిలో షిఫ్టు చివర ఒకేసారి నింపినవి కూడా వాటిలో ఉంటాయని వార్డుల్లో పనిచేసినవారు ఎవరైనా ఒప్పుకుంటారు. కదలికను గమనించే పరికరాల అసలు ఉపయోగం ఇక్కడే. ఛాతీ మీద అంటించే చిన్న బిళ్ళలో యాక్సిలరోమీటర్ ఉంటుంది, ఫోను అడ్డంగా తిప్పితే తెర కూడా తిరిగేలా చేసే చిప్ లాంటిదే అది. అందులో సూక్ష్మమైన స్ప్రింగులకు వేలాడే సిలికాన్ తునకను భూమ్యాకర్షణ ఏ దిశగా లాగుతోందో మూడు అక్షాల మీద కొలుస్తుంది. మనిషి వెల్లకిలా ఉంటే ఆ ఆకర్షణ అంతా ఛాతీ నుంచి వీపు వైపు చూపిస్తుంది, పక్కకు 30 డిగ్రీలు ఒరిగితే అందులో సరిగ్గా సగం పక్క అక్షం మీద నమోదవుతుంది. దాన్ని బట్టి ఏ పక్క ఎంతసేపైందో లెక్కించి, గడువు దగ్గరపడగానే నర్సుల గదిలోని తెర మీద ఆ మంచం రంగు మారుస్తుంది. రోగి తనంతట తాను చాలినంతగా తిరిగితే గడియారం మళ్ళీ మొదటికి వెళ్తుంది, అతణ్ణి నిద్రలేపాల్సిన పని ఉండదు. నాకు అన్నింటికంటే నచ్చిన గుణం ఇది. అర్ధరాత్రి రెండు గంటలకొకసారి లేపబడే రోగి బాధ ఛార్టులో ఎక్కడా రాయరు.

అమెరికాలో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు రెండు ఐసీయూలలో 1,312 మంది రోగులతో చేసి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, అందరికీ బిళ్ళ అంటించి, సగం మంది విషయంలో మాత్రమే ఆ సమాచారాన్ని నర్సులకు చూపించారు. సమాచారం కనిపించిన వర్గంలో 0.7 శాతం మందికి, కనిపించని వర్గంలో 2.3 శాతం మందికి ఆసుపత్రిలో పుండ్లు పడ్డాయి. సమయానికి పక్క మార్చడం అన్నది మొదటి వర్గంలో 67 శాతం, రెండో వర్గంలో 54 శాతం. తెర మీద కనిపిస్తున్నా కూడా 67 దగ్గరే ఆగిందన్న సంగతిని నేను తేలిగ్గా దాటేయలేను. పరికరం గుర్తు చేస్తుంది, తిప్పేది ఇద్దరు మనుషులు. పరుపు మీద పరిచే ఒత్తిడి పటాల అనుభవం ఇంకా మిశ్రమంగా ఉంది. ఎక్కడ ఒత్తిడి ఎక్కువగా ఉందో రంగుల్లో చూపే అలాంటి పరుపును స్వీడన్‌లో 190 మంది రోగులతో పరీక్షించగా, 2017లో ప్రచురితమైన ఫలితాల్లో పుండ్ల సంఖ్యలో స్పష్టమైన తగ్గుదల కనిపించలేదు.

మన చర్మపు రంగుకు సంబంధించిన ఒక చిక్కు కూడా ఉంది. పాఠ్యపుస్తకాల్లో పుండు మొదటి దశ అంటే వేలితో నొక్కినా తెల్లబడని ఎరుపు. చామనఛాయ, నల్లని చర్మాల మీద ఆ ఎరుపు కనబడదు. ముట్టుకున్నప్పుడు చుట్టుపక్కల కంటే వేడిగానో చల్లగానో ఉండటం, గట్టిగానో మెత్తగానో తగలడం, రంగు కొంచెం ముదరడం, రోగి నొప్పి అనడం వంటివే మనకు గుర్తులు. అందుకే చూపుతో పాటు చేతికీ పని చెప్పాలి. నడుము చివర, తుంటి పక్కలు, మడమలు, తల వెనుక భాగం, ఇవి రోజూ తడిమి చూడాల్సిన చోట్లు.

ఇళ్ళల్లో సెన్సరు ఉండదు, అద్దెకు తెచ్చిన ఎయిర్ బెడ్ ఉంటుంది. గాలి గదులు వంతులవారీగా ఉబ్బుతూ తగ్గుతూ ఉండే ఆ పరుపు, కోసియాక్ ఎలుకలకు చేసిన మేలునే మనిషికి చేయాలని చూస్తుంది. అది ఉంది కదా అని తిప్పడం మానేయకూడదు. రోగి నడుము కింద, పరుపు అడుగున చేయి పెట్టి చూస్తే మధ్యలో కనీసం ఒక అంగుళం మందం తగలాలి, తగలకపోతే మనిషి గాలి మీద కాదు, కింది చెక్క మీదే ఉన్నట్టు. గుండ్రని గాలి ట్యూబు మీద కూర్చోబెట్టడం, ఎర్రబడిన చోట స్పిరిట్ రాసి గట్టిగా రుద్దడం పాత అలవాట్లు. ట్యూబు తన అంచు వెంట రక్తాన్ని అడ్డుకుంటుంది, రుద్దుడు అప్పటికే నలిగిన కణజాలాన్ని మరింత నలుపుతుంది. పక్కకు తిప్పేటప్పుడు పూర్తిగా 90 డిగ్రీలు తిప్పితే బరువంతా తుంటి ఎముక మీద పడుతుంది. వీపు వెనుక దిండు ఆన్చి 30 డిగ్రీల దగ్గర ఆపితే నడుమూ తుంటీ రెండూ తేలికపడతాయి. తిప్పిన సమయం, ఏ పక్కకు అన్నది మంచం పక్కన నోటు పుస్తకంలో అప్పటికప్పుడే రాస్తే, రాత్రి కాపలా మారినప్పుడు తర్వాత వచ్చినవారికి తడుముకోవాల్సిన పని ఉండదు.

ఛాతీ మీది బిళ్ళకు మొండెం తిరగడమే తెలుస్తుంది, కాళ్ళు తిరగలేదని తెలియదు. నడుము పక్కకు ఒరిగి, మడమలు మాత్రం మొదట ఉన్నచోటే పరుపును నొక్కుతూ ఉండిపోవచ్చు. పిక్కల కింద పొడవాటి దిండు పెట్టి మడమలను గాలిలో తేలేలా ఉంచి, వాటి కింద నుంచి ఒక కాగితాన్ని దూర్చి చూడాలి. ఎక్కడా తట్టుకోకుండా అవతలికి రావాలి.