రెజ్యూమెలో గ్యాప్ అంటే ఎందుకంత భయం? బెంగళూరు పాతికేళ్ల కథ

బెంగళూరు మారతహళ్లిలోనో బీటీఎంలోనో ఏదో ఒక పీజీ హాస్టల్లోకి వెళ్లి, ఐటీ ఉద్యోగం పోయిన మన తెలుగువాళ్లని కదిపి చూడండి. డబ్బుల కంటే ముందు గ్యాప్ గురించే చెప్తారు. టెక్నికల్ రౌండ్లు బాగానే దాటేస్తారు, చివర్లో హెచ్ఆర్ "ఇన్ని నెలలు ఖాళీగా ఏం చేశారు?" అనగానే నోరు ఎండిపోతుంది. వేలమందిని ఒక్క మెయిల్‌తో ఇంటికి పంపిన పరిశ్రమే ఆ ఖాళీకి సంజాయిషీ అడగడం నాకైతే విడ్డూరంగానే ఉంటుంది. కానీ ఆ అనుమానం ఊరికే పుట్టలేదు, దాని వెనక అమెరికా మాంద్యాలు ఉన్నాయి, మన ఇంజనీరింగ్ కాలేజీలు ఉన్నాయి, కొంత మనవాళ్ల అతితెలివీ ఉంది.

మొదటి దెబ్బ 2000-01లో తగిలింది. 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీలు తప్పుగా చదువుతాయన్న భయంతో పుట్టిన వైటూకే పని కోసం అమెరికా మనవాళ్లని పిలిచి మరీ తీసుకుంది, 2000 మార్చిలో టెక్ కంపెనీల షేర్ల సూచీ నాస్‌డాక్ శిఖరానికి చేరి అక్కడి నుంచి కూలింది, ప్రాజెక్టు లేక బెంచ్ మీద కూర్చున్న కుర్రాళ్లు ఒక్కొక్కరే విమానం ఎక్కి వెనక్కొచ్చారు. ఏడాదికి 1,95,000 దాకా పెంచిన హెచ్-1బీ (అమెరికాలో ఉద్యోగానికిచ్చే) వీసాల పరిమితి 2003 అక్టోబర్ నుంచి మళ్లీ 65,000కి పడిపోయింది. అలా తిరిగొచ్చినవాళ్లలో చాలామంది ఊరికి వెళ్లలేక బెంగళూరులో దిగారు. ఊళ్లో ముఖం చూపించడం కష్టం కదా, అమెరికా అబ్బాయని సంబంధాలు చూస్తున్న టైమ్ అది. ఉద్యోగాల వెబ్‌సైట్ నౌకరీ డాట్‌కామ్ 1997లోనే మొదలైనా అప్పటి వెతుకులాటంతా బుధవారం టైమ్స్ ఆఫ్ ఇండియాతో వచ్చే అసెంట్ ఉద్యోగ ప్రకటనల పేజీలు, వాక్-ఇన్ క్యూలు, నెట్ సెంటర్‌లో గంట లెక్కన కట్టి పంపే రెజ్యూమెలు. ఆ దెబ్బ నుంచి బెంగళూరు త్వరగానే లేచింది. ఖర్చు తగ్గించుకోవాలని అమెరికా కంపెనీలు పనిని ఇక్కడికే పంపడం పెంచాయి, దాంతో మాంద్యమంటే ఆర్నెల్లు ఓపిక పట్టే వ్యవహారమని మనవాళ్లకో నమ్మకం కుదిరిపోయింది. ఆ నమ్మకమే తర్వాత చాలామందిని ముంచింది.

2008 సెప్టెంబర్ 15న అమెరికా పెట్టుబడుల బ్యాంకు లేమాన్ బ్రదర్స్ దివాలా తీసింది. అప్పటికే క్యాంపస్‌లో ఆఫర్ లెటర్లు అందుకున్న పిల్లలకి జాయినింగ్ తేదీ ఇదిగో అదిగో అంటూ నెలల తరబడి జరుగుతూ పోయింది. గోరుచుట్టు మీద రోకటి పోటులా 2009 జనవరి 7న హైదరాబాద్ ఐటీ కంపెనీ సత్యం అధిపతి రామలింగరాజు లెక్కల్లో మోసం చేశానని ఒప్పుకుంటూ ఉత్తరం రాశారు. తెలుగువాళ్లకి సత్యం అంటే మామూలు కంపెనీ కాదు, ఇంటికొకరు అక్కడ చేసినవాళ్లో చేయాలనుకున్నవాళ్లో ఉండేవారు. 2009 ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా దాన్ని దక్కించుకున్నాక పని లేని ఉద్యోగులని వర్చువల్ పూల్ పేరుతో ఇంట్లో కూర్చోబెట్టి తక్కువ జీతం ఇచ్చారు. హైదరాబాద్‌లో తలుపులు మూసుకుంటే మనకి పక్కన కనిపించేది బెంగళూరే, కాబట్టి రాత్రి బస్సులన్నీ ఇటే వచ్చాయి, మడివాళలో దిగి అక్కడే ఎవరో సీనియర్ రూమ్‌లో చాప వేసుకున్నారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఫీజు రీయింబర్స్‌మెంట్ విస్తరించింది, ఇంజనీరింగ్ కాలేజీలు 700 దాకా చేరాయి. పేదింటి పిల్లలకి బీటెక్ అందడం మంచిదే, నేను దాన్ని తప్పు పట్టను. కానీ ఉద్యోగాలు తగ్గిన చోటికి డిగ్రీలు పెరిగి వచ్చాయి, పైగా ప్రతి ప్రకటనలోనూ కనీసం రెండేళ్ల అనుభవం కావాలి. ఎవరూ తీసుకోకపోతే అనుభవం ఎక్కడి నుంచి వస్తుంది? కొనుక్కుంటే వస్తుంది. అమీర్‌పేటలో కోర్సు, బెంగళూరులో ఎక్స్‌పీరియన్స్ అన్నట్టు తయారైంది. ఒక చిన్న గది, ఒక బోర్డు, ఫోన్ ఎత్తి "అవునండీ, మా దగ్గర చేశారు" అని చెప్పడానికి ఒక మనిషి, ఇవుంటే చాలు, ఆఫర్ లెటర్ నుంచి రిలీవింగ్ లెటర్ దాకా పే స్లిప్పులతో సహా సెట్టు దొరికేది. "ఎంత పెట్టావ్?", "టూ ప్లస్ పెట్టా" అని, అంటే రెండేళ్ల పైచిలుకు దొంగ అనుభవం గురించి, రూముల్లో మామూలుగా మాట్లాడుకునేవారు. పని నేర్చుకుని నిలబడినవాళ్లూ ఉన్నారు, ఇంటి మీద అప్పు తెచ్చి ఈ సెట్లు అమ్మే కన్సల్టెన్సీకి కట్టి మోసపోయినవాళ్లూ ఉన్నారు. ఫోన్ ఇంటర్వ్యూలో ఒకడి బదులు ఇంకొకడు మాట్లాడే ప్రాక్సీ కథలు సరేసరి.

కంపెనీలు మాత్రం చూస్తూ ఊరుకుంటాయా? ఉద్యోగుల వివరాలు ఒకచోట నమోదు చేసేలా 2006లోనే ఐటీ కంపెనీల సంఘం నాస్కామ్ నేషనల్ స్కిల్స్ రిజిస్ట్రీ పెట్టింది. ఈ నకిలీల వరద తర్వాత బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్, అంటే రెజ్యూమెలో రాసింది నిజమో కాదో ఆరా తీయడం, పెద్ద వ్యాపారమైపోయింది. 2014లో పీఎఫ్‌కి యూఏఎన్ అని, కంపెనీ మారినా మారని ఒకే నంబర్ రావడంతో ఎవరు ఏ కంపెనీలో ఎప్పుడు చేరారు, ఎప్పుడు మానేశారు అన్నది ఒక్క పాస్‌బుక్‌లో బయటపడిపోతోంది. అబద్ధం ఆడేవాడిని పట్టుకోవడానికి పెట్టిన ఈ వలలో నిజంగా ఉద్యోగం పోయినవాడూ చిక్కుకున్నాడు. తేదీల మధ్య ఖాళీ కనిపిస్తే చాలు, వీడేదో దాస్తున్నాడు అనే చూపు అప్పటి నుంచి బలపడింది.

మరి ఆ ఖాళీలో మనిషి ఎలా బతకాలి? 2025 నవంబర్ దాకా అమల్లో ఉన్న 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో, తీసేసిన వర్క్‌మన్‌కి (చట్టం లెక్కలో కార్మికుడికి) నెల నోటీసు, పనిచేసిన ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున పరిహారం అని రాసి ఉండేది. కంపెనీలు మాత్రం ఐటీ ఇంజనీరు వర్క్‌మనే కాదని వాదిస్తూ వచ్చాయి, పైగా రిజైన్ చేయించుకుంటే ఆ గొడవే ఉండదు. ఉద్యోగ నిబంధనలని ఖరారు చేసే స్టాండింగ్ ఆర్డర్స్ చట్టం నుంచి కర్ణాటక ప్రభుత్వం ఐటీకి మినహాయింపు పొడిగిస్తూ పోయింది. ఐటీ ఉద్యోగులకంటూ ఇక్కడ కిటు అనే యూనియన్ 2017లో వచ్చింది, కానీ అందులో చేరితే పేరు బయటికొస్తుందని మనవాళ్లకి టెన్షన్. తక్కువ జీతాలవాళ్ల ప్రభుత్వ బీమా ఈఎస్ఐ కింద 2018లో అటల్ పథకం పేరుతో నిరుద్యోగ భృతి తెచ్చారు, అయితే ఈఎస్ఐ పరిమితే నెలకి 21,000 జీతం, అది దాటినవాడికి వర్తించదు. అదే ఏడాది చివర్లో, ఉద్యోగం పోయిన నెలకే పీఎఫ్‌లో 75 శాతం తీసుకోవచ్చన్నారు. అంటే రిటైరయ్యాక తినాల్సింది ఇప్పుడే పీజీ అద్దెకి కట్టడం. మిగిలిన ఆసరా రూమ్మేట్లే. నలుగురిలో ఒకడికి జీతం పడుతుంటే మిగతా ముగ్గురి బియ్యం, కరెంటు బిల్లు నడిచిపోతాయి, ఈ పాతికేళ్లలో పెద్దగా మారనిది అదొక్కటే.

2020లో కోవిడ్ భయపెట్టింది గానీ ఐటీకి అది కొన్ని నెలల ముచ్చటే, 2021లో ఎగబడి తీసుకున్నారు. 2022 మార్చికి దాదాపు సున్నా దగ్గరున్న అమెరికా వడ్డీ రేటు 2023 జులైకి 5.25-5.5 శాతానికి ఎక్కేసరికి అక్కడి క్లయింట్లు ప్రాజెక్టులు వాయిదా వేశారు, ఇక్కడ స్టార్టప్‌లకి పెట్టుబడి ఆగింది. 2023-24లో టీసీఎస్, ఇన్ఫోసిస్, విప్రో మూడింటిలో కలిపి సుమారు 64,000 మంది తగ్గారు. వాళ్లందరినీ తీసేశారని కాదు, వెళ్లినవాళ్ల స్థానంలో కొత్తవాళ్లని తీసుకోలేదు, ఫ్రెషర్‌కి అసలు దెబ్బ అదే. ఈసారి ఆర్నెల్ల లెక్క పనిచేయలేదు.

ఇప్పుడు ప్రకటనలన్నీ ఇమ్మీడియట్ జాయినర్ కావాలంటున్నాయి. ఉద్యోగంలో ఉన్నవాడికి రెండు మూడు నెలల నోటీసు ఉంటుంది, రేపే రాగలిగేది ఖాళీగా ఉన్నవాడే, వాడు వస్తే గ్యాప్ ఎందుకొచ్చిందని అడుగుతారు. అందుకే లేఆఫ్ మెయిల్, రిలీవింగ్ లెటర్, చివరి పే స్లిప్పులు ఆఫీస్ ల్యాప్‌టాప్ తిరిగిచ్చే లోపే సొంతంగా దాచుకోండి, వెరిఫికేషన్‌లో పనికొచ్చేవి అవే. ఇక కన్సల్టెన్సీల సంగతంటారా, యూఏఎన్ వచ్చాక అవి మూతపడతాయనుకున్నారు చాలామంది. ఇప్పుడు నెలనెలా పీఎఫ్ కూడా కట్టి మరీ ఎక్స్‌పీరియన్స్ అమ్ముతున్నాయి, రేటు మాత్రం దానికి తగ్గట్టే పెంచాయి.