డాలీ పార్టన్ పాట: అపోహలు - వాస్తవాలు

నేను గిటార్ నేర్పుతాను, పాటలు కూడా కడతాను. అమెరికన్ కంట్రీ సంగీతం (అక్కడి పల్లెల్లో పుట్టిన పాటల శైలి) మాట ఎత్తితే మా క్లాసులో గాయని, పాటల రచయిత్రి డాలీ పార్టన్ పేరు రాకుండా ఉండదు. దాంతోపాటు కొన్ని పొరపాటు మాటలూ వస్తాయి.

అపోహ: ‘ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ’ గాయని విట్నీ హ్యూస్టన్ పాట.

వాస్తవం: రాసింది, బాణీ కట్టింది, 1974లో మొదట విడుదల చేసింది డాలీయే. 1992లో విట్నీ అద్భుతంగా పాడారు. ఆ పాట అమెరికాలో పాటల ఆదరణను లెక్కగట్టే బిల్‌బోర్డ్ చార్టులో 14 వారాలు మొదటి స్థానంలో ఉంది. అసలది ప్రేమికుల పాట కూడా కాదు. తనను టీవీ షోలోకి తీసుకున్న పోర్టర్ వాగనర్‌ను వదిలి సొంతంగా పాడుకోవాలనుకున్నప్పుడు, ఎంత చెప్పినా ఆయన వినకపోతే, ఈ పాట రాసి ఆయన ఎదుటే పాడి సెలవు తీసుకున్నారు.

అపోహ: పెద్ద స్టార్ అడిగితే రచయిత హక్కులు వదులుకోక తప్పదు.

ఇదే పాటను ఎల్విస్ ప్రెస్లీ పాడాలనుకున్నారు. ఆయన మేనేజర్ కర్నల్ పార్కర్ పబ్లిషింగ్ హక్కుల్లో (పాట వాడుకున్నప్పుడల్లా డబ్బు తెచ్చేవి) సగం అడిగారు. డాలీ ఇవ్వనన్నారు. ఆ రాత్రంతా ఏడ్చానని ఆవిడే చెప్పుకున్నారు. విట్నీ పాడిన రోజున ఆ హక్కులు డాలీ చేతిలోనే ఉన్నాయి. కొత్తగా రాస్తున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, సంతకం పెట్టేముందు ఒక్కసారి ఆగండి. 2012 సవరణ తర్వాత మన కాపీరైట్ చట్టం కూడా మీ వైపే ఉంది: మీ సినిమా పాటను హాలు బయట వాడుకుంటే వచ్చే రాయల్టీలో మీ వాటా వదులుకున్నట్టు రాయించుకున్నా అది చెల్లదు.

అపోహ: గిటార్ మీద నాలుగు కార్డ్స్ (కలిపి మోగించే స్వరాల గుంపులు) వస్తే కంట్రీ పాట కట్టేయొచ్చు.

కార్డ్స్ తక్కువే, నిజమే. డాలీ మరో పాట ‘జోలీన్’ పల్లవి మొదట్లో ఉన్నది నాలుగుసార్లు ఒక పేరు పిలవడమే. ఆ పేరు ఆటోగ్రాఫ్ కోసం వచ్చిన ఓ చిన్నపిల్లది. పాటలోని అసూయ మాత్రం, డాలీ భర్తతో చనువుగా మాట్లాడిన బ్యాంకు ఉద్యోగిని మీద పుట్టింది. తిట్టాల్సిన మనిషిని, నావాణ్ని లాక్కోవద్దని బతిమాలుకోవడంలోనే ఆ పాట ప్రాణమంతా ఉంది. అది కార్డ్స్‌తో వచ్చేది కాదు.

అపోహ: డాలీ చెప్పే పేదరికం కథలు ప్రచారం కోసం.

1946లో టెనెసీ కొండల్లో, పన్నెండు మంది పిల్లల ఇంట్లో పుట్టారు. కాన్పు చేసిన డాక్టరుకు ఇచ్చుకున్నది ఓ సంచి మొక్కజొన్న పిండి. అమ్మ గుడ్డపీలికలతో కుట్టిన కోటే తర్వాత పాటైంది. నాన్నకు చదవడం, రాయడం రావు. ఆ నాన్నను తలుచుకునే 1995లో సొంత కౌంటీలో (మన జిల్లా లాంటిది) పసిపిల్లలకు నెలకో పుస్తకం ఉచితంగా ఇంటికి పంపడం మొదలుపెట్టారు. ఇప్పుడు ఆ పుస్తకాలు వేరే దేశాల పిల్లలకూ వెళ్తున్నాయి.