వీర్యకణం చుట్టూ ఉన్న ద్రవం చేసే పని

వరంగల్ చుట్టుపక్కల ఊళ్లలో బర్రె ఎదకొచ్చిందంటే చాలామంది ముందు, ఊళ్లో కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్రకే ఫోన్ చేస్తారు. ఆయన మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలోంచి వీర్యం నింపిన సన్నటి స్ట్రా తీసి, 37 డిగ్రీల నీళ్లలో అర నిమిషం ఉంచి, తడి తుడిచి, గన్‌లో పెట్టి గర్భాశయంలోకి వదులుతాడు. పావు మిల్లీలీటరు ద్రవం, అందులో సుమారు 2 కోట్ల వీర్యకణాలు. చూడి కడితే సంతోషం. చూడి కట్టక మళ్లీ ఎదకొస్తే మాత్రం బర్రెను అంటాం, స్ట్రాను అంటాం. వీర్యకణాలు ఏ ద్రవంలో బయటికి వచ్చాయో, ఆ ద్రవం వాటిని ఏం చేసిందో ఎవరూ మాట్లాడరు. నా దృష్టిలో అసలు ఆసక్తికరమైన సంగతి అక్కడే ఉంది.

వీర్యకణానికి కొత్త ప్రొటీన్లు తయారు చేసుకునే శక్తి దాదాపుగా ఉండదు. వృషణం దాటాక తనకు కావలసినవి దారిలో అంటించుకోవాల్సిందే. ఆబోతు వీర్యం బయటికి వచ్చేటప్పుడు సెమినల్ వెసికిల్స్ అనే గ్రంథుల నుంచి బీఎస్‌పీ (వీర్యకణానికి అంటుకునేవి అని అర్థం) అనే కుటుంబానికి చెందిన ప్రొటీన్లు వచ్చి కలుస్తాయి. ఆ ద్రవంలోని మొత్తం ప్రొటీన్లలో దాదాపు సగం ఇవే. కణం పైపొరలోని ఒక రకం కొవ్వును పట్టుకుని క్షణాల్లో దాని మీద పరుచుకుంటాయి.

అప్పటినుంచి వీటి పని మొదలవుతుంది. కణం పొరలోంచి కొలెస్టరాల్‌ను కొద్దికొద్దిగా బయటికి లాగుతాయి. పొర వదులైతేనే వీర్యకణం అండంలోకి చొరబడడానికి సిద్ధమవుతుంది. ఈ సిద్ధపాటు లేకుండా వీర్యకణం అండాన్ని ఫలదీకరించలేదని 1951లో చాంగ్, ఆస్టిన్ అనే శాస్త్రవేత్తలు ఎవరికి వారుగా కనిపెట్టారు. ఆవులో ఇంకో మేలు కూడా ఉంది. ఈ ప్రొటీన్ల వల్లే వీర్యకణాలు అండవాహిక గోడకు అంటుకుని, అండం వచ్చేదాకా ప్రాణంతో కాచుకుని ఉంటాయి. ఎద లక్షణాలు తగ్గాక పది పన్నెండు గంటలకు గానీ అండం విడుదల కాదు. పొద్దున ఎద కనిపిస్తే సాయంత్రం వేయించమని డాక్టర్లు చెప్పేది ఇందుకే.

మేలు చేసే ఈ ప్రొటీన్లే నిల్వలో కీడు చేస్తాయి. ఆవు శరీరంలో వీర్యకణం ఆ ద్రవాన్ని త్వరగానే వదిలి ముందుకు పోతుంది. సీసాలో అలా కుదరదు. గంటల తరబడి అందులోనే నానితే కొలెస్టరాల్ మరీ ఎక్కువగా పోయి పొర బలహీనపడుతుంది, చలికి పగులుతుంది. కోడిగుడ్డు సొన కలిపితే వీర్యం చల్లదనాన్ని తట్టుకుంటుందని 1940 ప్రాంతంలోనే తెలిసింది. ఎందుకో తెలియడానికి మాత్రం దశాబ్దాలు పట్టింది. సొనలో కొవ్వు, ప్రొటీన్ కలిసి ఉండే లైపోప్రొటీన్లు బీఎస్‌పీ ప్రొటీన్లను పట్టేసుకుని, కణం జోలికి పోకుండా ఆపుతాయి. ఇంత చక్కటి జవాబు వంటింటి గుడ్డులో దొరకడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

మేకపోతు దగ్గర ఇదే గుడ్డు ఎదురు తిరుగుతుంది. దాని వీర్యంలో ఒక ఎంజైమ్ సొనలోని లెసిథిన్ అనే కొవ్వును విరగ్గొట్టి, వీర్యకణాలను చంపే పదార్థంగా మారుస్తుంది. అందుకే మేక వీర్యాన్ని సొనతో నిల్వ చేసే ముందు కడిగి ఆ ద్రవాన్ని తీసేయడమో, సొన మోతాదు బాగా తగ్గించడమో చేస్తారు. ఆవుకు నడిచిన పద్ధతిని మేకకు అలాగే దించితే నష్టపోయేది మేకల రైతే.