గండి పూడ్చందే సోడియం రాదు

గుంటూరు బ్రాడీపేటలో మా వీధిలో ఇంటర్ చదివే అమ్మాయి మొన్న గ్లాసు పట్టుకుని వచ్చింది. ఉప్పునీళ్లు, రెండు తీగలు, 9 వోల్టుల బ్యాటరీ. ఒక తీగ చుట్టూ బుడగలు, రెండో దాని దగ్గర బ్లీచింగ్ పౌడర్ వాసన. "మాస్టారూ, ఉప్పులో సోడియం ఉందిగా, బయటికి రాదేం? ఇంకో బ్యాటరీ కలపనా?"

సోడియానికి మైనస్ 2.71 వోల్టులని బట్టీ పట్టిన పిల్లే. ఆ అంకె ఏం చెబుతుందో మాత్రం ఎవరూ చెప్పలేదు. నా బాధంతా అదే.

మన డెల్టా కాలవనే తీసుకోండి. గట్టుకు కింద గండి పడితే మెరక చేలోకి నీరెక్కుతుందా? బ్యారేజీ నుంచి ఎంత వదిలినా గండిలోంచే పోతుంది, మట్టం పైకి లేవదు. ఇక్కడ పారేది ఎలక్ట్రాన్లు, మట్టం వోల్టేజీ. సోడియం మెరక చేను, మైనస్ 2.71 దాని ఎత్తు; మైనస్ ఎంత పెద్దదైతే చేను అంత మెరక. నీళ్లే గండి, దాని ఎత్తు మైనస్ 0.83. ఎలక్ట్రాన్లన్నీ నీటికి చేరి హైడ్రోజన్ బుడగలవుతాయి. బ్యాటరీలు పెంచితే బుడగలే పెరుగుతాయి.

ఇంగ్లండ్ రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీకీ మొదట ఇదే జరిగింది. పొటాష్ అనే క్షారాన్ని నీళ్లలో కలిపి కరెంటు పంపితే హైడ్రోజన్, ఆక్సిజన్ తప్ప ఏమీ రాలేదు. 1807లో గడ్డ పొటాష్‌నే తీసుకుని, కరెంటు పారేందుకు పైపైన కాస్త చెమ్మ పట్టనిచ్చి బ్యాటరీకి కలిపాడు. గడ్డ కరిగింది. పాదరసం బొట్లలాంటివి మెరిశాయి, కొన్ని పుడుతూనే భగ్గుమన్నాయి. అదే పొటాషియం! కొద్దిరోజులకే సోడియమూ దొరికింది.

అంటే గండి పూడ్చాలి, నీళ్లు లేకుండా ఉప్పునే కరిగించాలి. ఉప్పు కరిగేది 801 డిగ్రీల సెల్సియస్ దగ్గర. ఫ్యాక్టరీల్లో సోడియం తీసే డౌన్స్ సెల్‌లో కాల్షియం క్లోరైడ్ కలిపి, ఉప్పు తక్కువ వేడికే కరిగేలా చేసి, 600 డిగ్రీల దగ్గరే పని కానిస్తారు. సోడియం పైకి తేలుతుంది, ఉప్పులోంచే వచ్చే క్లోరిన్ వాయువును అడ్డుజల్లెడతో వేరుగా ఉంచుతారు.

దిష్టి తీసి నిప్పుల్లో వేసిన కల్లుప్పు చిటపటలాడితే "ఎంత దిష్టి తగిలిందో" అంటారు. పలుకులో చిక్కుకున్న నీటిచుక్క ఆవిరై దాన్ని పగలగొడుతోంది, అంతే. అలాంటి చెమ్మ పలుకు కరిగిన ఉప్పులో పడితే ఆ ఉప్పు ముఖం మీదికి చిమ్ముతుంది. పైగా క్లోరిన్ గాలికంటే బరువు, గదిలోనే పేరుకుని ఊపిరితిత్తులను కాల్చేస్తుంది. ఇంట్లో వద్దమ్మా అని గట్టిగా చెప్పాను.

ఇంట్లోనే ఇలా కరెంటుతో లోహం, అల్యూమినియం, తీసినవాడు ఒకడున్నాడు. 1886లో అమెరికాలోని ఒబెర్లిన్‌లో, ఇంటి కట్టెల కొట్టంలో, 22 ఏళ్ల చార్లెస్ హాల్. అక్క జూలియా సాయం చేసింది. అల్యూమినియం, ఆక్సిజన్ కలిసిన అల్యూమినా కరగాలంటే 2,000 డిగ్రీలు దాటాలి. అతను దాన్ని కరిగిన క్రయోలైట్ ఖనిజంలో కలిపాడు, 1,000 డిగ్రీల దగ్గరే పనైపోయింది. క్రయోలైట్‌లో సోడియమూ ఉంది కదా? ఉంది. కానీ దానిముందు అల్యూమినియమే పల్లం. ఎలక్ట్రాన్లు పల్లానికే పారాయి.

"మరి మైలుతుత్తం నీళ్లలో రాగి?" అంది ఆ పిల్ల. దాని అంకెంతో నువ్వే చెప్పమన్నాను. ప్లస్ 0.34. కాసేపు ఆలోచించి, "గండి కంటే కిందే!" అని పరుగెత్తింది. సాయంత్రానికి తీగ చివర ఎర్రటి పూత చూపించింది.